ముందు వెళ్లిన గుర్రానికే శిక్ష: స్టార్టింగ్ గేటు తగాదా వెనక కథ

గుర్రపు పందెం మొదలయ్యే చోట గుర్రాలను విడివిడి గదుల్లో నిలబెట్టే ఇనుప చట్రమే స్టార్టింగ్ గేటు. అందులో గుర్రం బెదిరింది, పందెం పాడైంది, మరి బెట్టింగ్ డబ్బు సంగతేంటి? ఇలాంటిది జరిగినప్పుడల్లా ఈ తగవు రాజుకుంటుంది. నిర్వాహకులు ఎప్పటిలాగే గుర్రం స్వభావాన్నీ, దానికిచ్చిన ట్రైనింగునూ తప్పుపడతారు. గేటు రాకముందు జెండా ఊపి, అడ్డంగా కట్టిన టేపు ఎత్తి పందెం మొదలుపెట్టేవారు. అసలు మలుపు 1939లో వచ్చింది.

ఆ ఏడాది కెనడాలో, వాంకూవర్ దగ్గరి లాన్స్‌డౌన్ పార్కులో క్లే ప్యూట్ తయారుచేసిన ఎలక్ట్రిక్ గేటును వాడారు. తలుపులను విద్యుదయస్కాంతాలు పట్టి ఉంచుతాయి. పందెం మొదలుపెట్టే అధికారి (స్టార్టర్) బటన్ నొక్కగానే కరెంటు ఆగి, స్ప్రింగుల బలంతో అన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. ముందే దూకిందెవరన్న గొడవలు దాదాపు పోయాయి. అంతకుముందు ఒక గుర్రం మొండికేస్తే మిగతావి ఆరుబయట అటూ ఇటూ తిరుగుతూ ఉండేవి. ఇప్పుడు ముందు లోపలికి వెళ్లినవి చివరిది వచ్చేదాకా తమకంటే కాస్తే వెడల్పున్న ఇనుప గదిలో కదలకుండా నిలబడాలి. మొండికేసినదాని భారం బుద్ధిగా లోపలికి వెళ్లినదాని మీద పడింది. తర్వాతి గొడవలు చాలావరకు ఇక్కడినుంచే పుట్టాయి.

బ్రిటన్ 1965 దాకా ఈ గేటు గదుల జోలికి పోలేదు. అక్కడ గేటు సిబ్బంది గుర్రాన్ని లోపలికి పంపి బయటికొచ్చేస్తారు. అమెరికాలో సహాయకులు గేటులోనే నిలబడి గుర్రాల తల పట్టుకుంటారు. గుర్రం భయపడేది గేటుకు కాదు, డొక్కలకు తగిలే పక్క కమ్మీలకని అమెరికా గుర్రాల శిక్షకుడు మాంటీ రాబర్ట్స్ వాదించాడు. పక్కలను కాపాడే మందపాటి దుప్పటి ఒకటి తయారుచేశాడు. గుర్రం దూకగానే అది వెనకే ఉండిపోతుంది. దానితో దారికొచ్చిన గుర్రాలున్నాయి కాబట్టి ‘స్వభావం’ అన్న సాకు అంత బలమైనదేం కాదు. గది వెడల్పు చేస్తే గుర్రం లోపలే అడ్డం తిరుగుతుందని నిర్వాహకులంటారు. అది నిజమే.

2021 నవంబరులో అమెరికాలోని డెల్ మార్ రేస్‌కోర్సులో జరిగింది మాత్రం గుర్రాల తప్పు అనలేం. బ్రీడర్స్ కప్ జువనైల్ టర్ఫ్ అనే పందేనికి ముందు ఆల్‌బహర్ అనే గుర్రం గేటులో వెనక్కి పడి ఇరుక్కుంది. పక్కనున్న మోడర్న్ గేమ్స్ అనే గుర్రానికి దెబ్బ తగలకూడదని సిబ్బందే ముందు తలుపు తెరిచి బయటికి పంపారు. అది తలుపు బద్దలుకొట్టుకుని వచ్చిందనుకుని పోటీనుంచి తప్పించారు. తర్వాత తిరిగి చేర్చుకున్నారు, కానీ బహుమతి డబ్బు కోసం మాత్రమే. బెట్టింగ్ లెక్కలోంచి దాన్ని అప్పటికే తీసేశారు. అదే గెలిచింది. దాని మీద డబ్బు పెట్టినవాళ్లకు గెలుపు సొమ్ము రాలేదు. జనం అరిచి గోల చేశారు.

జపాన్‌లో కొత్త గుర్రాలకు గేటు పరీక్ష ఉంటుంది. అయినా 2015లో తకరజుకా కినెన్ అనే పెద్ద పందెంలో గోల్డ్ షిప్ అనే గుర్రం సరిగ్గా తలుపులు తెరిచే వేళకు ముందుకాళ్లు ఎత్తి నిలబడింది. దాని మీద పెట్టిన దాదాపు 1200 కోట్ల యెన్‌ల బెట్టింగ్ క్షణంలో గాల్లో కలిసింది. పరీక్ష మళ్ళీ రాయాల్సింది గుర్రమే, గేటు కాదు.

తలుచుకుంటే గేటు మారుతుంది. అమెరికాలోని పేరున్న పందెం కెంటకీ డెర్బీలో 14 గదుల గేటు పక్కన 6 గదుల గేటు పెట్టేవారు. మధ్యలో ఖాళీ వల్ల అన్యాయం జరుగుతోందని 2020లో 20 గదుల గేటు ఒక్కటే తెచ్చారు. మొదటి గుర్రం లోపలికి వెళ్లాక చివరిదాని కోసం ఎంతసేపు ఆగాలన్నది మాత్రం చాలాచోట్ల ఇంకా స్టార్టర్ ఇష్టమే.