లావు పిల్లలకే పిప్పి పళ్లా? బరువుకీ పళ్లకీ ముడిపెట్టే అపోహలు, వాస్తవాలు

వరంగల్ వైపు బడి పిల్లల పళ్లు చూసేటప్పుడు తల్లిదండ్రుల నోట తరచూ వినిపించే మాటలివి. ఒక్కోదాంట్లో కాస్త నిజం ఉంటుంది, చిక్కంతా అక్కడే.

అపోహ: లావుగా ఉన్న పిల్లలకే పళ్లు పుచ్చుతాయి.

వాస్తవం: దీని మీద జరిగిన పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పవు. బాగా డబ్బున్న దేశాల్లో బరువెక్కువ పిల్లలకు పిప్పి పళ్లు కొంత ఎక్కువని తేల్చినవి ఉన్నాయి. వైద్యం సరిగా అందని చోట్ల బక్క పిల్లల నోళ్లే ఎక్కువ పాడైనట్టు చూపినవీ ఉన్నాయి. పన్నును తినేది కొవ్వు కాదు. నోట్లోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కన్నా దిగితే ఎనామిల్, అంటే పంటి పైపొర, కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్లీ సర్దడానికి అరగంటకు పైనే పట్టొచ్చు. అందుకే ఎంత తీపి తిన్నారన్నదే కాదు, రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నదీ లెక్కే. పొద్దున చాయ్‌లో ముంచిన బిస్కెట్, ఇంటర్వెల్‌లో చాక్లెట్, సాయంత్రం కూల్‌డ్రింక్, పడుకునే ముందు చక్కెర పాలు: ఇవి తిన్న ఒక పిల్లాడు లావెక్కుతాడు, ఇంకొకడు ఆకలి చచ్చి అన్నం ముట్టక బక్కగానే ఉంటాడు. పళ్లు మాత్రం ఇద్దరివీ పోతాయి.

అపోహ: బక్కగా ఉన్నాడంటే తిన్నది ఒంటికి పట్టట్లేదు, పాలల్లో బలం పొడి కలపాలి.

వాస్తవం: ముందు నోరు తెరిపించి చూడండి. దవడ పన్ను నొప్పిగా ఉన్న పిల్లలు చాలాసార్లు ‘నొప్పి’ అని చెప్పరు, తిండి మార్చేసుకుంటారు. జొన్న రొట్టె, మాంసం ముక్క పక్కన పెట్టి పప్పన్నం మెత్తగా కలిపితేనే తింటారు. ముద్దను బుగ్గన పెట్టుకుని కూర్చుంటారు, నీళ్లతో మింగుతారు. రాత్రి లేచి ఏడుస్తారు. ఒక గుర్తు బాగా పనికొస్తుంది: ఒక పక్కనే నమిలే పిల్లల్లో, నమలని పక్క పళ్ల మీద పసుపుపచ్చ పాచి మందంగా పేరుకుంటుంది. వెలుతురులో పెదవి ఎత్తి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. చిగురు అంచున సున్నం గీసినట్టు తెల్ల గీత ఉంటే పుచ్చు మొదలైనట్టు. ఆ దశలో డాక్టర్ పళ్ల మీద పూసే ఫ్లోరైడ్ వార్నిష్‌తో ఆపొచ్చు. చిగురు మీద చీము పొక్కు కనిపిస్తే మాత్రం ఆ వారమే పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. బాగా పుచ్చిన పళ్లకు వైద్యం చేశాక తిండి, నిద్ర కుదుటపడి బరువు పెరిగిన పిల్లలూ ఉన్నారు. బలం పొడుల్లో చాలావాటికి చక్కెర కలిపే ఉంటుంది, డబ్బా వెనక చదవండి. బక్కతనానికి పళ్లొక్కటే కారణం కాదు, నులిపురుగులు, రక్తహీనత కూడా చూపించుకోవాలి.

అపోహ: కూల్‌డ్రింక్ మాన్పించి జ్యూస్ ఇస్తున్నాం, ఇక భయం లేదు.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ జ్యూస్‌లోని చక్కెరనూ విడి చక్కెర (పైన కలిపే చక్కెరలాంటిది) కిందే లెక్కిస్తుంది. రోజుకు 1600 కేలరీలు తినే పిల్లలకు దాని పరిమితి 40 గ్రాములు, 20 లోపు ఉంటే ఇంకా మంచిది. 300 మి.లీ. కోలాలోనే సుమారు 32 గ్రాములుంటుంది. జామకాయ కోసి ఇవ్వండి, నమలడమూ అవుతుంది.

అపోహ: పాల పళ్లే కదా, ఊడిపోతాయి.

వాస్తవం: పాల దవడ పళ్లు 10-12 ఏళ్ల దాకా ఉంటాయి. పైగా ఆరేళ్లప్పుడు వాటి వెనకాల వచ్చే పెద్ద దవడ పన్ను శాశ్వతమైనది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలామంది దాన్నీ పాల పన్నే అనుకుని వదిలేస్తారు. దాని పైనున్న గాడుల్లో సీలెంట్ (పుచ్చు పట్టకుండా వేసే పూత) వేయించడానికి అదే అదను. బరువెక్కువ పిల్లలకు శాశ్వత పళ్లు కాస్త ముందే రావచ్చు, వాళ్లకు ఆరో ఏడు నిండే దాకా ఆగకుండా చూడాలి.

అపోహ: చూస్తేనే తెలుస్తుంది, మా వాడు బరువు బాగానే ఉన్నాడు.

వాస్తవం: కంటి చూపు చాలదు, పెద్దల బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూసే) లెక్కా పనికిరాదు. వయసు, ఆడ-మగ బట్టి వేరే పట్టిక ఉంటుంది.

అపోహ: మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, అందుకే ఫ్లోరైడ్ పేస్ట్ వాడం.

వాస్తవం: ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ల మీద వచ్చే) మచ్చ వేరు, పుచ్చు వేరు. తాగే నీళ్లు మార్చుకోండి, పేస్ట్ మానొద్దు. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు బఠాణీ గింజంత చాలు, మింగకుండా ఉమ్మేయాలి. రాత్రి తోమాక మళ్లీ పాలు వద్దు.

అపోహ: నొప్పి తగ్గింది, ఇక డాక్టర్ ఎందుకు?

వాస్తవం: ఆర్‌బీఎస్‌కే (పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం) బృందం బడిలో చూసి ఆసుపత్రికి రాసిన చీటీలు ఇంట్లోనే ఉండిపోవడానికి ఇదో కారణం. పంటి లోపలి నరం చచ్చిపోతే నొప్పి ఆగుతుంది, చీము మాత్రం వేరు కింద ఎముకలోకి పాకుతూనే ఉంటుంది.