మార్జిన్ వదిలి రాయండి

ప్రియమైన పిల్లలకు,

పోయిన వారం మీలో ఒకరు ఫోన్ చేసి ఒకే గుక్కలో రెండు ప్రశ్నలు అడిగారు. "పెద్దమ్మా, నాకు రాసే టాలెంట్ ఉందంటావా? ఉంటే చదువుకుంటూనే ఫ్రీలాన్స్‌గా రాసి నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చా?" అప్పటికి ఏదో చెప్పి ఫోన్ పెట్టేశాను కానీ, ఆ తర్వాత మనసు కుదుటపడలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఏ ఆఫీసులోనూ ఉద్యోగం చేయకుండా రాతపనితోనే బతికినదాన్ని. ఈ ప్రశ్నకు నేనే సరిగ్గా జవాబు చెప్పకపోతే ఎలా? అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు టాలెంట్ సంగతి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా మాస్టారు నా వ్యాసం క్లాసంతటికీ చదివి వినిపించి, "ఈ అమ్మాయికి రాయడం పుట్టుకతో వచ్చింది" అన్నారు. ఎంతో ప్రేమగా అన్న మాట అది. దాని మీద నాకు ఇప్పటికీ గౌరవమే. కానీ ఆ రోజు నుంచి నేను రాసినదాన్ని తిరిగి చూసుకోవడం మానేశాను. పుట్టుకతో వచ్చిందంటే మొదటిసారే బాగా రావాలి కదా! దిద్దుకోవలసి వస్తే నాకు టాలెంట్ లేనట్టే కదా! అలా ఏడెనిమిదేళ్లు గడిచిపోయాయి.

ఇరవై రెండేళ్లప్పుడు ఒక వారపత్రికకు వ్యాసం పంపాను. చిన్నపిల్లల చూపు గురించి. నెల తర్వాత తిరిగొచ్చింది. కవరు చింపి చూస్తే మొదటి పేజీలో పదకొండు లైన్లకు అడ్డంగా ఎర్ర పెన్సిల్ గీత. "సర్వేంద్రియాణాం నయనం ప్రధానం" అని మొదలుపెట్టి, చూపు గొప్పదనం మీద నేను నింపిన పదకొండు లైన్లూ పోయాయి. పన్నెండో లైను పక్కన చిన్న టిక్కు. ఆ లైను ఇది: "మొదటిసారి కళ్లజోడు పెట్టుకున్న రోజు మా చెల్లి చెట్టు వంక చూసి, ఆకులు విడివిడిగా ఉంటాయా అని అడిగింది." మార్జిన్‌లో ఎడిటర్ రెండు ముక్కలు రాశారు. "ఇక్కడ మొదలుపెట్టండి. తర్వాత ఆ పాప ఏం చేసింది?"

ఆ రాత్రి ఏడ్చాను. తెల్లారాక ఆ ప్రశ్న మళ్లీ చదివాను. చెల్లి తర్వాత ఏం చేసిందో నాకు గుర్తే. కళ్లజోడు తీసి చూసింది, పెట్టుకుని చూసింది, మళ్లీ తీసింది. నేను అది రాయనే లేదు. ఎదురుగా ఉన్నదాన్ని వదిలేసి ఎక్కడో విన్న వాక్యంతో మొదలుపెట్టాను. నాలుగుసార్లు తిరగరాసి పంపితే వేసుకున్నారు. అప్పటికి వ్యాసం సగమైంది. నాకు వచ్చిన మొదటి చెక్కు అదే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, బడికీ ఈ పనికీ ఉన్న అసలు తేడా ఇందులోనే ఉంది. బడిలో వ్యాసం ఒక్కసారే రాస్తాం. పదికి ఎనిమిది మార్కులు వేస్తారు, నోట్సు మూసేస్తాం, తర్వాతి పాఠానికి వెళ్లిపోతాం. మార్కులు పోయిన ఆ రెండింటి సంగతి ఎవరూ అడగరు. బయట మాత్రం మొదటి డ్రాఫ్ట్‌కు ఎవరూ డబ్బులివ్వరు. ఇచ్చేదంతా తిరగరాసినదానికే. టాలెంట్ అనేది అసలు లేదని నేననను. కొందరికి వాక్యం వినగానే ఎక్కడ తట్టుకుందో తెలిసిపోతుంది. సంగీతం నేర్చుకునేవాళ్లకు శ్రుతి తెలిసినట్టే అదీ. కానీ ఆ చెవికి పనిచెప్పేది రెండో డ్రాఫ్ట్. చదువు చెప్పేవాళ్లు బాగా రాసే పిల్లలకు ఏదైనా ఒక్క మేలు చేయదలిస్తే, "నీకు టాలెంట్ ఉంది" అనడానికి బదులు ఆ కాగితం వెనక్కిచ్చి "ఇంకోసారి రాసి తీసుకురా" అంటే చాలు.

పిల్లల్ని పొగడటం మీద క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో కొన్ని ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. ఐదో తరగతి పిల్లలకు బొమ్మల్లో క్రమం కనిపెట్టే కొన్ని చిక్కుముడులు ఇచ్చి, అయ్యాక కొందరిని "నువ్వు తెలివైనవాడివి" అని, కొందరిని "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నారు. తెలివిని పొగిడించుకున్న పిల్లలు ఆ తర్వాత తేలికైనవాటి వైపు మొగ్గారు. కష్టమైనవి ఇచ్చి ఓడిపోయేలా చేశాక, వాళ్ల పట్టుదలా తగ్గింది, పనితనమూ తగ్గింది. చదువుతుంటే నా తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది. నా భయం కూడా అదే కదా.

మరో సంగతి కూడా వినండి. అమెరికాలో లూయిస్ టెర్మన్ అనే ఆయన 1921లో తెలివైన పిల్లల్ని ఏరి, వాళ్లు పెద్దయ్యాక ఏమవుతారో చూడాలని ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. ఐక్యూ పరీక్షలు పెట్టి పదిహేను వందల మందికి పైగా పిల్లల్ని తీసుకున్నారు. ఆ పరీక్షలో స్కోరు సరిపోక ఇద్దరు కుర్రాళ్లు బయటే ఉండిపోయారు. ఒకరు విలియం షాక్లీ, ఇంకొకరు లూయిస్ అల్వారెజ్. షాక్లీకి 1956లో, అల్వారెజ్‌కు 1968లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఎంపికైన పిల్లల్లో ఒక్కరికీ రాలేదు. కాబట్టి మీ పదో తరగతి మార్కుల్ని బట్టి గానీ, ఎవరో ఒకరు అన్న మాటను బట్టి గానీ "నాకు రాదు" అని తేల్చేసుకోకండి.

మరి ఎలా నేర్చుకోవాలి? నాకు తెలిసినంతలో అన్నిటికంటే మంచి పద్ధతి మూడు వందల ఏళ్ల నాటిది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ చిన్నప్పుడు అన్నగారి ప్రెస్సులో పని నేర్చుకునేవాడు. పెద్ద చదువు లేదు. నచ్చిన వ్యాసం ఒకటి తీసుకుని, ఒక్కో వాక్యంలోని భావానికి గుర్తుగా ఒకటి రెండు ముక్కలు మాత్రం రాసుకునేవాడు. కొన్ని రోజులు దాన్ని పక్కన పెట్టేసేవాడు. తర్వాత ఆ ముక్కల్ని బట్టి వ్యాసమంతా సొంత మాటల్లో మళ్లీ రాసి, అసలుదానితో పోల్చి, తన తప్పులు దిద్దుకునేవాడు. ఒక్కోసారి ఆ చీటీలన్నీ కలిపేసి, వారాల తర్వాత వరుస పెట్టుకునేవాడు. ఏ మాట తర్వాత ఏది రావాలో అలా నేర్చుకున్నాడు. మీరూ చేసి చూడండి, నెలకు రెండు వ్యాసాలు చాలు. నేను ఇప్పటికీ చేస్తాను.

అదే కుర్రాడు 1722లో, పదహారేళ్ల వయసులో, ఒక నడివయసు వితంతువు రాసినట్టు మారుపేరుతో ఉత్తరం రాసి, రాత్రిపూట అన్నగారి ప్రెస్సు తలుపు కింద నుంచి లోపలికి తోసేశాడు. పేరు చెబితే చిన్నపిల్లాడని వేయరని భయం. ఎవరు రాశారో తెలియకుండానే అన్నగారు వేసుకున్నారు. అలా పద్నాలుగు ఉత్తరాలు అచ్చయ్యాయి. ఈ సంగతి నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఎడిటర్ బల్ల మీద మీ డిగ్రీ ఉండదు, మీ వయసు ఉండదు. కాగితం ఒక్కటే ఉంటుంది.

ఇక పని ఎక్కడ ఉందన్న ప్రశ్న. ఫ్రీలాన్స్ రచయిత అనగానే మీకు కథలు, కవితలు గుర్తొస్తాయి. వాటిని మానకండి, కానీ బతుకుతెరువు మాత్రం ఎక్కువగా వాటిలో ఉండదు. వెబ్‌సైట్లకు కంటెంట్, యంత్రాలకూ యాప్‌లకూ వాడకం సూచనలు, ప్రకటనలు, అనువాదాలు, సబ్‌టైటిల్స్, ప్రూఫ్ రీడింగ్, ఇతరుల పేరు మీద రాసిపెట్టే ఘోస్ట్ రైటింగ్, ఇలా చాలా ఉన్నాయి. చదువుకు సంబంధించిన రాతపని కూడా కావలసినంత ఉంటుంది. వీడియో పాఠాలకు స్క్రిప్టులు, ప్రశ్నలు, జవాబుల వివరణలు, చిన్నపిల్లలు సొంతంగా చదువుకునే సులభ వాచకాలు రాయించుకుంటారు. మొదలుపెట్టేవాళ్లకు నేను ఇదే ముందు చెబుతాను. ఎందుకంటే ఇప్పుడే ఆ పాఠం చదివినవాళ్లు మీరు. ఎక్కడ అర్థం కాలేదో మీకు ఇంకా గుర్తుంది. భిన్నాల కూడికలో హారాలు ఎందుకు సమానం చేయాలో ఆరో తరగతి పిల్లకు నూటయాభై మాటల్లో చెప్పండి చూద్దాం. ఒక రొట్టెలో సగం, ఇంకో రొట్టెలో మూడో వంతు ఇచ్చి, "ఎన్ని ముక్కలు?" అని అడిగితే ఆ పిల్ల "రెండు" అంటుంది. ఆ రెండు ముక్కలూ ఒకే సైజు కాదు కదా అన్న దగ్గరే మీ పాఠం మొదలవ్వాలి. అలా చెప్పగలిగితే మీకు పని దొరుకుతుంది.

పని అడగడానికి వెళ్లేటప్పుడు "నాకు రాయడమంటే ప్రాణం" అని రాయకండి. ఏం రాస్తారో, ఎవరి కోసమో, ఎన్ని మాటల్లోనో, ఎప్పటికి ఇస్తారో ఐదారు లైన్లలో చెప్పి, మీరు రాసిన రెండు మంచి నమూనాలు జతచేయండి. రెండే, పది వద్దు.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. బాగా రాసే పిల్లలకు అన్నిటికంటే ముందు వచ్చే ఆఫర్ ఏమిటో తెలుసా? ఇంకొకరి అసైన్‌మెంట్ రాసిపెట్టడం. ప్రాజెక్ట్ రిపోర్టు, ఎస్సే, ఒక్కోసారి థీసిస్ కూడా. డబ్బు త్వరగా వస్తుంది, ఎవరికీ తెలియదంటారు. ఫ్రీలాన్స్ అన్న మాట ఇంగ్లీషులో రెండు వందల ఏళ్ల కిందట వాడుకలోకి వచ్చినప్పుడు, ఏ ప్రభువుకూ కట్టుబడకుండా డబ్బిచ్చినవాళ్ల తరఫున బల్లెం పట్టే సైనికుడని దాని అర్థం. బల్లెం మనదే కావచ్చు, కానీ ఎవరి తరఫున, ఎవరి మీద ఎత్తుతున్నామో చూసుకోవాలి కదా. మీరు రాసిచ్చిన ఎస్సేతో గట్టెక్కిన కుర్రాడు ఆ పాఠం నేర్చుకునే అవకాశం పోగొట్టుకున్నాడు. కష్టపడి తనే రాసుకున్న పక్క పిల్ల వెనకబడింది. బ్రిటన్‌లో 2022లో చేసిన చట్టం ఇంగ్లండ్‌లో ఇలాంటి వ్యాసాలు డబ్బుకు రాసిచ్చే వ్యాపారాన్ని నేరం చేసింది. చట్టం ఉన్నా లేకపోయినా ఆ పని ముట్టుకోకండి. ఘోస్ట్ రైటింగ్ కూడా ఇతరుల పేరుతోనే కదా అని మీరు అడగొచ్చు. ఒక పెద్దాయన తన జీవితాన్ని చెప్పి రాయించుకుంటే అది ఆయన కథే, మీరు కలం సాయం చేశారంతే. పరీక్ష అలా కాదు. ఆ విద్యార్థికి ఏం వచ్చో తెలుసుకోవడం కోసమే పెడతారు దాన్ని.

డబ్బు గురించి మొహమాటపడకండి. రేటు మాటల లెక్కనో, వ్యాసం లెక్కనో, గంటల లెక్కనో ముందే రాతపూర్వకంగా అడగండి. ఎన్నిసార్లు మార్పులు చేసిపెట్టాలి, డబ్బు వ్యాసం అంగీకరించినప్పుడా, అచ్చయ్యాకా? వేసుకుంటామని చెప్పి వేయకపోతే కొంతైనా ఇస్తారా? హక్కులు ఎవరివి? ఒకసారి ప్రచురించుకునే హక్కు ఇవ్వడం వేరు, మొత్తం కాపీరైట్ రాసిచ్చేయడం వేరు. కాపీరైట్ మీద దేశాలు కుదుర్చుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్న చోట్ల, మీరు రాసిన దాని మీద హక్కు ఏ రిజిస్ట్రేషనూ లేకుండానే పుడుతుంది. సంతకం పెట్టి మీరు దాన్ని వదులుకునే దాకా అది మీదే. నేను ఒకప్పుడు చదవకుండా సంతకం పెట్టి, రెండేళ్లు కష్టపడి రాసిన పాఠాల మీద ఏ హక్కూ లేకుండా చేసుకున్నాను. అవి ఎన్నిసార్లు అచ్చయినా నాకు రూపాయి రాలేదు. మీకు పద్దెనిమిదేళ్లు నిండకపోతే ఏ ఒప్పందమైనా ఇంట్లో పెద్దవాళ్లకు చూపించాకే ఒప్పుకోండి. పని ఇవ్వడానికి ముందు మీ దగ్గరే రిజిస్ట్రేషన్ ఫీజనో డిపాజిట్ అనో అడిగారంటే అది మోసం, ఇంకేం ఆలోచించకండి. "టెస్ట్ రాయండి" అని పూర్తి వ్యాసం ఉచితంగా రాయించుకునేవాళ్లూ ఉన్నారు. నమూనాకు ఒక పేరా ఇస్తే చాలు.

ఇప్పుడు ఏఐ క్షణంలో రాసిచ్చేస్తుంది కదా, మాకు పనెక్కడిది అని టెన్షన్ పడుతున్నారని తెలుసు. పని తగ్గిన చోట్లు ఉన్నాయి, నిజమే. నేను ఎర్రగీత కొట్టించుకున్న ఆ పదకొండు లైన్లలాంటివి అది ఇట్టే రాసేస్తుంది. మా చెల్లి కళ్లజోడు తీసి పెట్టుకుని చూడటం దానికి తెలియదు, ఆ పక్కన నేను ఉన్నాను కాబట్టి నాకు తెలుసు.

సెలవులకు వచ్చేలోగా ఒక పని చేయండి. మీరు కళ్లారా చూసిన చిన్న సంగతి ఒకటి తీసుకుని మూడు వందల మాటల్లో రాయండి. వారం పక్కన పెట్టి, చూడకుండా మళ్లీ రాయండి. రెండు కాగితాలూ నాకు పంపండి. ఎడమవైపు నాలుగు వేళ్ల మార్జిన్ వదిలిపెట్టండి, నా ఎర్ర పెన్సిల్ చెక్కి పెట్టుకుంటాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ