పట్టు తీశాక మిగిలే పురుగు

హిందూపురంలో పట్టు రీలింగ్ జరిగే వీధిలోకి అడుగుపెడితే ముందు ముక్కుకే తెలుస్తుంది. వేడినీళ్ళలో ఉడికిన పట్టుగూళ్ళ వాసన అది. దారం తీయడం అయిపోయాక తొట్టిలో గోధుమరంగు పురుగు మిగులుతుంది. కిలో ముడిపట్టు రావాలంటే ఆరేడు కిలోల గూళ్ళు కావాలి. పచ్చిగూడు బరువులో ఎక్కువ భాగం లోపలి పురుగుదే. కొరియాలో దీన్ని 'బొండెగి' అని ఉడకబెట్టి వీధుల్లో అమ్ముతారు. అస్సాంలో ఎరి పట్టు పురుగును ఇష్టంగా వండుకుంటారు. పాత అనంతపురం జిల్లాలో మాత్రం ఇన్నేళ్ళ పట్టు పరిశ్రమ ఉన్నా పురుగు మనిషి కంచంలోకి రాలేదు.

ఇప్పుడేమో గొడ్డు మాంసం మానేసి పురుగులు తింటే భూమికి మేలు అంటున్నారు. ఈ మాట ఎక్కడ మొదలైంది?

ప్రపంచంలో తిండి కొరతకు పురుగులు ఒక దారి కావచ్చని మేయర్-రోఖో అనే శాస్త్రవేత్త 1975లోనే రాశారు. అప్పుడు గొడవంతా ఆకలి గురించే, వాతావరణం ఎవరికీ పట్టలేదు. 2006లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ నివేదికతో లెక్క మారింది. మనుషుల వల్ల వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల్లో 18 శాతం పశుపోషణదేనని అందులో తేల్చారు. 2013లో దాన్ని 14.5 శాతానికి సవరించారు. అందులోనూ సుమారు మూడింట రెండు వంతులు ఆవులు, ఎద్దుల వాటా. నెమరువేసే జంతువు పొట్టలో గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి. అది ఎక్కువగా త్రేన్పుల్లో బయటికొస్తుంది. చాలామంది వెనకనుంచి అనుకుని నవ్వుకుంటారు గానీ అది నిజం కాదు.

అదే 2013లో ఆ సంస్థే తినదగ్గ పురుగుల మీద ఇంకో నివేదిక తెచ్చింది. ఇవాళ చెప్పుకునే అంకెలు చాలావరకు అందులోవే. ప్రపంచంలో 200 కోట్ల మంది సంప్రదాయ భోజనంలో పురుగులున్నాయి, 1,900కు పైగా రకాలు తింటారు. కిలో బరువు పెరగడానికి ఇలకోడికి, అంటే కీచురాయికి, 1.7 కిలోల మేత చాలు, గొడ్డుకు దాదాపు 10 కిలోలు కావాలి. పురుగుకు ఒళ్ళు వెచ్చగా ఉంచుకునే పని లేదు, తిన్నదాంట్లో ఎక్కువ భాగం పెరుగుదలకు పోతుంది. పైగా ఇలకోడిలో 80 శాతం తినొచ్చు, గొడ్డులో 40 శాతమే.

ఆ తర్వాత కథ చకచకా నడిచింది. యూరప్‌లో 2021లో పిండి పురుగుకు అనుమతి వచ్చింది, సింగపూర్ 2024లో 16 రకాలను ఒప్పుకుంది. ఫ్రాన్స్‌లో వందల మిలియన్ యూరోలు పోగేసిన ఇన్‌సెక్ట్ అనే కంపెనీ మాత్రం అదే ఏడాది అప్పులవాళ్ళ నుంచి రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది.

నాకు వీటన్నిటికన్నా ముఖ్యమనిపించేది 2015లో కాలిఫోర్నియాలో జరిగిన ఒక ప్రయోగం. ఇలకోళ్ళకు రకరకాల మేతలు పెట్టి చూశారు. కోళ్ళ దాణా లాంటి మంచి మేత పెడితే బాగా పెరిగాయి, కానీ ఆ మేతను మాంసకృత్తులుగా మార్చడంలో అవి కోడిని పెద్దగా మించలేదు. ఎక్కువగా గడ్డి కలిపిన మేత పెట్టినవి దాదాపు అన్నీ ఎదగకుండానే చచ్చిపోయాయి.

గడ్డి తిని బతకగలగడమే గొడ్డుకున్న విద్య. మన ఊళ్ళలో గొడ్డుకు మొక్కజొన్న, సోయా పోసి మాంసానికి మేపే వాళ్ళెవరున్నారు? ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో అది తినేది శెనక్కాయ కట్టె, జొన్నసొప్ప, గట్ల మీద గడ్డి. మేపేది పాలకు, సేద్యానికి. దాని మాంసం ఆ బతుకులో చివరి అంకం. మన రాష్ట్రంలో గోవధ నిషేధ చట్టం 1977 నుంచి ఉంది కాబట్టి, ఎక్కువగా కోతకు వెళ్ళేవి గేదెలూ దున్నపోతులే. అలాగని మన గొడ్డు నిర్దోషి అనను. నాసి మేత తిని తక్కువ పాలిచ్చే పశువు లీటరుకు ఎక్కువ మీథేనే వదులుతుంది. ఆ 10 కిలోల లెక్క మాత్రం మన దొడ్డికి అతకదు.

ఇంకో సంగతి. ఇక్కడ గొడ్డు మాంసం తినేది ఎక్కువగా దళితులు, ముస్లింలు. తక్కువ డబ్బుతో దొరికే బలమైన తిండి అది. మానుకొమ్మని వాళ్ళకు చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు, ఇప్పుడు వాతావరణం పేరుతో మరొకరు చేరారు. పక్కింట్లో వేటమాంసం ఉడికే వాసన వస్తున్నా ఆ గొర్రె కూడా నెమరువేసేదేనని ఎవరికీ గుర్తురాదు. గొర్రెల పెంపకంలో రాష్ట్రంలోనే అనంతపురానిది పెద్దపేరు.

పురుగు తినడం రాయలసీమకు కొత్తా అంటే, కానే కాదు. తొలకరి తర్వాత పుట్టల్లోంచి రెక్కల చెదలు లేస్తాయి. ఉసిళ్ళనీ ఈసుళ్ళనీ ఊరికో పలుకు. దీపం కింద నీళ్ళ పళ్ళెం పెడితే వచ్చి పడతాయి. మా జేజి వాటిని పెనం మీద వేయించి, చేటతో చెరిగి రెక్కలు ఎగరగొట్టి, బొరుగుల్లో కలిపేది. వేయించిన శెనగవిత్తనాల రుచే, కొంచెం జిడ్డు ఎక్కువ. తర్వాత ఇంట్లో మాకెవరికీ అది పట్టలేదు. చదువుకున్న ఇంట్లో ఉసిళ్ళు తింటారా అన్న నామోషీ ఒకటి, వాన రాగానే లైట్లు ఆర్పేసి తలుపులేసుకోవడం ఒకటి. ఒడిశాలో మయూర్‌భంజ్ ఎర్రచీమల చట్నీకి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మన ఉసిళ్ళకు అలాంటి యోగం పడుతుందని నేననుకోను.

అన్ని పురుగులూ తిండి కావు. 2020 మేలో రాయదుర్గంలో జిల్లేడు చెట్ల మీద మిడతలు గుంపులుగా కనిపించి జనం టెన్షన్ పడ్డారు. ఉత్తరాదిని ముంచెత్తుతున్న ఎడారి మిడతలు కావని అధికారులు తేల్చారు. జిల్లేడు తిని బతికే మిడత ఆ విషాన్నే ఒంట్లో దాచుకుంటుంది, దాన్ని వేపుకు తింటే ప్రమాదమే. మందు కొట్టిన చేలో పట్టిన పురుగూ అంతే. రొయ్యలు పడనివాళ్ళకు పురుగులూ పడకపోవచ్చు, ఎందుకంటే రెండింట్లోనూ అలర్జీ తెచ్చే మాంసకృత్తి దాదాపు ఒకటే.

హిందూపురం పురుగు సంగతికొస్తే, ఎండబెట్టిన ప్యూపాలో, అంటే గూట్లోని ఆ పురుగులో, సుమారు సగం మాంసకృత్తులే. కోళ్ళ, చేపల దాణాలో ఎండుచేప పొడికీ సోయాకూ బదులు అది పనికొస్తుంది. పట్టు కోసం ఎలాగూ చచ్చిన పురుగు కాబట్టి దానికోసం కొత్తగా మేత పండించక్కర్లేదు. గొడ్డుతో పోటీ పెట్టకుండానే ఈ జిల్లాలో నడుస్తున్న పురుగు వ్యాపారం ఇదొక్కటే నాకు తెలిసి. కాకపోతే నూనె తీయకుండా ఎక్కువ పెడితే కోడిమాంసానికీ గుడ్డుకీ ఆ వీధి వాసనే పడుతుంది. అందుకే ముందు నూనె తీస్తారు, పిప్పిని దాణాలో కలుపుతారు.