బీజింగ్ ఫర్బిడెన్ సిటీ: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ నుంచి చైనాకు టూరిస్టు గ్రూపులను తీసుకెళ్లడం నా పని. చైనా చక్రవర్తుల పాత రాజభవనం, ఇప్పటి మ్యూజియం అయిన ఫర్బిడెన్ సిటీ చూసి బయటికొచ్చాక మనవాళ్లలో చాలామంది "అన్నీ ఒకేలా ఉన్నాయండీ" అంటారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. ఎందుకంటే తప్పు ప్యాలెస్‌ది కాదు, చూసిన దారిది.

అపోహ: నేరుగా నడుచుకుంటూ వెళ్తే అంతా చూసేసినట్టే.

దక్షిణాన వూమెన్ ద్వారం నుంచి ఉత్తరాన షెన్‌వూమెన్ దాకా 961 మీటర్లు. గబగబా నడిస్తే అరగంట కూడా పట్టదు. కానీ మొత్తం ఆవరణ 72 హెక్టార్లు, అంటే దాదాపు 178 ఎకరాలు. నడిమధ్య కనిపించే పెద్ద హాళ్లు ఎక్కువగా దర్బారు కోసం, వేడుకల కోసం కట్టినవి. రాణులు కాపురం ఉన్నది ఉత్తర భాగంలో, తూర్పున ఆరు, పడమర ఆరు ప్యాలెస్‌లలో. మన మండువా లోగిళ్లలాగే మధ్యలో వాకిలి, చుట్టూ గదులు. చెట్లు, నీడ ఉంటాయి, జనం పలచగా ఉంటారు. పెద్దవాళ్లతో వెళ్తే ముందు అటే తిరగండి.

అపోహ: చక్రవర్తి రోజూ ఆ పెద్ద సింహాసనం మీదే కొలువుతీరేవాడు.

ఆ సింహాసనం ఉన్న పెద్ద హాలు తైహెదియన్ గుమ్మం దగ్గర ఫోటో కోసం జరిగే తోపులాట అంతా ఈ నమ్మకంతోనే. లోపలికి పోనివ్వరు, చీకట్లో సింహాసనం సరిగా కనపడదు కూడా. పట్టాభిషేకం, కొత్త సంవత్సరం, చక్రవర్తి పుట్టినరోజు లాంటి సందర్భాల్లోనే ఆ హాలు వాడేవారు. 1722లో గద్దెనెక్కిన యోంగ్‌జెంగ్ కాలం నుంచి చక్రవర్తుల నివాసం, రోజువారీ పాలన పడమటి వైపున్న చిన్న హాలు యాంగ్‌షిన్‌దియన్‌లోనే.

అపోహ: ఇదంతా ఆరువందల ఏళ్ల నాటి కట్టడమే.

మింగ్ వంశపు చక్రవర్తి యోంగ్‌లె 1406లో మొదలుపెట్టించాడు, 1420కి పూర్తయింది. మరుసటి ఏడాదే మూడు పెద్ద హాళ్లు తగలబడ్డాయి. అంతా చెక్కే కదా, ఆ తర్వాత కూడా మంటలు తప్పలేదు. ఇప్పుడున్న తైహెదియన్ 1695-97లో తిరిగి కట్టింది. ఈ మంటల భయంతోనే ఎక్కడ చూసినా నీళ్ల గంగాళాలు కనిపిస్తాయి. చలికాలంలో నీళ్లు గడ్డకట్టకుండా వాటి కింద నిప్పు పెట్టేవారు. బంగారు పూత ఉన్న గంగాళం దగ్గర తప్పకుండా ఆగండి. పూత గీకేసిన గాట్లు ఒంటినిండా ఉంటాయి. 1900లో బీజింగ్‌లోకి వచ్చిన విదేశీ సైనికుల కత్తిగాట్లని అక్కడి గైడ్లు చెబుతారు.

అపోహ: 9,999 గదులు, పైన అరగది.

వినడానికి బాగుంటుంది. లెక్కపెడితే తేలినవి దాదాపు 8,700.

అపోహ: విలువైనవన్నీ తైవాన్‌కి వెళ్లిపోయాయి, ఇక్కడ ఖాళీ గదులే.

జపాన్ దాడి భయంతో 1933లో 13 వేలకు పైగా పెట్టెలను దక్షిణానికి తరలించారు. వాటిలో 1948-49లో తైవాన్ చేరినవి 2,972. బీజింగ్ మ్యూజియం దగ్గర ఇప్పటికీ 18 లక్షలకు పైగా వస్తువులున్నాయి. అవి మధ్య దారిలో ఉండవు, పక్కనున్న గ్యాలరీల్లో ఉంటాయి. నా మాట విని ఈశాన్య మూలనున్న ట్రెజర్ గ్యాలరీకి వెళ్లండి, 10 యువాన్ల టికెట్ విడిగా తీసుకోవాలి. చియాన్‌లోంగ్ చక్రవర్తి తన విశ్రాంత జీవితం కోసం కట్టించుకున్న భాగమది. అక్కడి తొమ్మిది డ్రాగన్ల గోడలో తూర్పు నుంచి మూడోది, తెల్లది, దాని పొట్ట దగ్గర చూడండి. ఒక ముక్క పింగాణీ పెంకు కాదు, చెక్క. కాల్చేటప్పుడు పెంకు పగిలితే, పనివాళ్లు రాత్రికి రాత్రి చెక్కతో చెక్కి అతికించి ప్రాణాలు దక్కించుకున్నారని కథ.

అపోహ: టికెట్ గేటు దగ్గర కొనుక్కోవచ్చు.

కుదరదు. పాస్‌పోర్ట్ నంబరుతో ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేయాలి, వారం ముందు నుంచే ఇస్తారు. సెలవుల సీజన్‌లో చూస్తుండగానే అయిపోతాయి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా 60 యువాన్లు, మిగతా నెలల్లో 40. ప్రభుత్వ సెలవులు తప్ప సోమవారం మూసేస్తారు. బుక్ చేసిన పాస్‌పోర్టే చేతిలో ఉండాలి, హోటల్ లాకర్లో కాదు. లోపలికి దక్షిణం నుంచే, బయటికి ఉత్తరం నుంచో తూర్పు నుంచో. కాబట్టి బస్సు ఎక్కడ ఎక్కాలో లోపలికి వెళ్లకముందే డ్రైవర్‌తో మాట్లాడుకోండి.