జ్వరం వస్తే టైఫాయిడేనా? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో మైక్రోబయాలజీ ల్యాబ్‌లో కూర్చుంటాను. వానలు పడ్డాక కౌంటర్ దగ్గర రోజూ వినే మాట ఒకటే: "రెండు రోజులుగా జ్వరం సార్, టైఫాయిడ్ టెస్ట్ చేసేయండి."

అపోహ: విడాల్ పాజిటివ్ వస్తే టైఫాయిడే.
విడాల్ 1896 నాటి పరీక్ష. స్లైడ్ మీద సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) చుక్కలో రియేజెంట్ (పరీక్ష ద్రావణం) చుక్క కలిపి తిప్పితే నిమిషంలో రవ్వరవ్వగా గుంపు కడుతుంది, దాన్నే పాజిటివ్ అంటాం. అక్కడ మనకు కనిపించేది క్రిమి కాదు, దాని మీద ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీలు. అవి తయారవడానికి వారం దాకా పడుతుంది కాబట్టి రెండో రోజు చేయిస్తే నిజం టైఫాయిడ్ కూడా నెగటివ్ రావచ్చు, ఇంకోపక్క ఎప్పుడో తాగిన కలుషిత నీళ్ళ పుణ్యమా అని ఏ జబ్బూ లేనివాళ్ళకు కూడా 1:80 (సీరాన్ని 80 రెట్లు పలచన చేసినా గుంపు కట్టడం) వచ్చేస్తుంది. తేల్చుకోవాలంటే బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోంచి క్రిమినే పెంచి చూసే పరీక్ష, చేయించాలి, అదీ యాంటీబయాటిక్ మొదటి మాత్ర మింగకముందే. కల్చర్‌కు రోజులు పడుతుంది, విడాల్ గంటలో చేతికొస్తుంది, జనం దేన్ని అడుగుతారో చెప్పక్కర్లేదు.

అపోహ: టైఫాయిడ్ తిరగబెట్టింది.
కొద్దిమందికి నిజంగానే, మందు ఆపిన కొన్ని వారాల్లో తిరగబెడుతుంది. కానీ తగ్గిపోయాక కూడా యాంటీబాడీలు నెలల తరబడి ఒంట్లో ఉంటాయి, ఈలోపు మామూలు వైరల్ జ్వరం వచ్చి విడాల్ చేయిస్తే మళ్ళీ పాజిటివే. ఇంకేముంది, మళ్ళీ ఇంజెక్షన్ల కోర్సు!

అపోహ: అమ్మవారు పోస్తే మందులు వాడకూడదు.
ఇప్పుడు వచ్చేది చికెన్‌పాక్స్. మశూచి పోయిందని 1980లోనే ప్రకటించారు. పెద్దవాళ్ళకు, గర్భిణులకు ఇది ముదిరే ప్రమాదం ఉంది, పొక్కులు కనబడిన 24 గంటల్లోపు మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. గంగమ్మకు పొంగళ్ళు పెట్టుకోండి, ఎవరు వద్దన్నారు? డాక్టర్ దగ్గరకు కూడా పోండి.

అపోహ: పురుగు కుట్టిన గుర్తు లేదు కాబట్టి స్క్రబ్ టైఫస్ కాదు.
స్క్రబ్ టైఫస్ అంటే పురుగు కాటుతో వచ్చే జ్వరం, మన జిల్లాల్లో అందరూ తెలుసుకోవాల్సింది ఇదే. పొదల్లో, గడ్డిలో, ఎలుకలు తిరిగే చోట ఉండే కంటికి ఆనని పురుగు పిల్ల కుడుతుంది, కుట్టినట్టే తెలియదు. జ్వరం రావడానికి వారం పైనే, ఒక్కోసారి మూడు వారాలు పట్టవచ్చు, అప్పటికి మామిడితోటకు పోయిన సంగతి ఎవరికి గుర్తుంటుంది? కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్ల పక్కు కడుతుంది, నొప్పీ దురదా ఉండవు. అదీ చంకలోనో, గజ్జల్లోనో, మొలతాడు కిందనో, రొమ్ముల కిందనో ఉంటుంది. చొక్కా విప్పి చూడందే దొరకదు. కొందరికి అసలు పక్కే ఉండదు, అయినా జ్వరం స్క్రబ్ టైఫస్సే. మనిషి నుంచి మనిషికి మాత్రం అంటదు.

టైఫాయిడ్ అనుకుని వాడే సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ దీని మీద పనిచేయదు. డాక్సీసైక్లిన్ అనే వేరే యాంటీబయాటిక్ పడితే మామూలుగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. ఐదు రోజులు దాటినా జ్వరం తగ్గకపోతే ఒళ్ళంతా వెతుక్కుని, తోటకో అడవికో పోయొచ్చారేమో గుర్తు చేసుకుని డాక్టర్‌కు చెప్పండి, స్క్రబ్ టైఫస్‌కు చేసే రక్తపరీక్ష స్క్రబ్ ఐజీఎం ఎలీసా చేయించాలా అని మీరే అడగండి.