టై చాలా, గెలుపే కావాలా? రెండు పాయింట్ల పందెం వెనక కథ

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఈ గొడవ రాకుండా ఏ సీజనూ గడవదు. మ్యాచ్ ముగియబోతుండగా వెనకబడిన జట్టు బంతిని ప్రత్యర్థి గీత దాటించి, అంటే టచ్‌డౌన్ చేసి, ఆరు పాయింట్లు తెచ్చుకుంటుంది. ఇంకా ఒక్క పాయింటే తేడా. ఇక నిర్ణయం కోచ్‌ది. బంతిని తన్ని గోల్‌పోస్టుల మధ్య నుంచి పంపిస్తే ఒక పాయింటు, స్కోరు సమం. కాదనుకుంటే మూడు గజాల దూరం నుంచి బంతిని ఇంకోసారి గీత దాటించాలి. దాటిందా, రెండు పాయింట్లు, గెలుపు. దాటలేదా, అంతే సంగతులు. కిక్ తప్పడం చాలా అరుదు. రెండోది మాత్రం నూటికి నలభై చిల్లర సార్లే ఫలిస్తుంది.

బంతి గీత దాటితే కోచ్ గుండె ధైర్యం గురించి వారం రోజులు చెప్పుకుంటారు. దాటకపోతే ‘హాయిగా కిక్ కొట్టుకోక ఎందుకొచ్చిన సాహసం’ అంటారు. ఫలితం తెలిశాక తెలివి చెప్పేవాళ్లకు ఏ ఆటలోనూ కొదవ లేదు. కానీ అరవై ఏళ్లకు పైగా సాగుతున్న ఈ వాదనను మొదటి నుంచీ చూసుకుంటూ వస్తే ధైర్యం, పిరికితనం అనే మాటలకు అంత చోటు లేదనిపిస్తుంది. టై అయితే ఆ రోజుల్లో ఏమొచ్చేది, ఏం పోయేది అన్నదే కోచ్‌ల చేత ఇటో అటో అడుగు వేయించింది. ఇంకో సంగతి. జనం తిట్టుకునే ఆ ఆఖరి నిర్ణయం కన్నా, అంతకు ముందెప్పుడో ఎవరూ పట్టించుకోని చోట తీసుకున్న నిర్ణయమే చాలాసార్లు కొంప ముంచింది.

రెండు పాయింట్ల అవకాశం 1958లో వచ్చింది. మిషిగన్ యూనివర్సిటీ మాజీ కోచ్ ఫ్రిట్జ్ క్రిస్లర్ అప్పట్లో కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధనల కమిటీకి పెద్ద. టచ్‌డౌన్ తర్వాత కొట్టే కిక్ మరీ చప్పగా ఉంటోందని, ప్రేక్షకుడికి కాస్త ఉత్కంఠ ఉండాలని ఈ మార్పు తెచ్చారు. స్కోరు లెక్కల్లో 1912 తర్వాత ఇదే మొదటి మార్పు. ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ దీన్ని తీసుకోవడానికి 1994 దాకా పట్టింది.

అయితే కమిటీ పందెం పెట్టింది కానీ టైని అలాగే వదిలేసింది. ఓవర్‌టైమ్ లేదు. మన క్రికెట్‌లో సూపర్ ఓవర్ రాకముందు ఎలా ఉండేదో అలాగే, సమమైతే సమమే. పైగా జాతీయ చాంపియన్‌ను తేల్చడానికి ఫైనల్ మ్యాచ్ కూడా లేదు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తరఫున విలేకరులు, యూపీఐ అనే ఇంకో వార్తాసంస్థ తరఫున కోచ్‌లు ఓట్లేసి ర్యాంకులు ఇచ్చేవారు. అంటే టై విలువ ఎంతన్నది ఓటు వేసేవాళ్ల దయ.

ఆ దయ ఎంత గట్టిదో 1966 నవంబర్ 19న ఈస్ట్ లాన్సింగ్‌లో బయటపడింది. మొదటి ర్యాంకు నోటర్‌డామ్, రెండో ర్యాంకు మిషిగన్ స్టేట్. స్కోరు 10-10. ఇంకా నిమిషం పైన టైమ్ ఉంది, బంతి నోటర్‌డామ్ చేతిలో, సొంత 30 గజాల గీత దగ్గర. కోచ్ ఆరా పార్సేగియన్ పాస్‌ల జోలికి పోకుండా మెల్లగా పరుగులు తీయించి గడియారాన్ని కరగబెట్టాడు. అసలు క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేస్తూ జట్టును ఆడించేవాడు) టెర్రీ హాన్రటీ భుజం గాయంతో మొదట్లోనే బయటికి వెళ్లాడు. అతని బదులు ఆడిన కోలీ ఓబ్రయన్ మధుమేహ రోగి, అప్పటికే అలసిపోయాడు. ఒక్క పాస్ ప్రత్యర్థి చేతికి చిక్కినా అంతా పోతుంది. ఎదుటి ఆటగాళ్లు మైదానంలోనే ఎగతాళి చేశారు, పత్రికలు ఏకిపారేశాయి. పార్సేగియన్ తొణకలేదు. వారం తిరిగేసరికి నోటర్‌డామ్ 51-0తో సదరన్ కాలిఫోర్నియాను చిత్తు చేసింది, రెండు ఓటింగుల్లోనూ మొదటి స్థానం దానికే దక్కింది. ఆ ఏడాది ఒక్క టై కూడా లేకుండా అన్నీ గెలిచిన అలబామాకు మూడో స్థానం. అప్పటి అలబామా జట్టులో నల్లజాతి ఆటగాడు ఒక్కడూ లేకపోవడం ఓటర్ల మనసులో పనిచేసిందనే వాదన ఇప్పటికీ ఉంది. ఏదైతేనేం, టై చేసుకున్నవాడు చాంపియన్, అన్నీ గెలిచినవాడు మూడోవాడు. ఆ లెక్క ముందే తెలిసిన కోచ్‌ని పిరికివాడనడం ఎలా?

మూడేళ్ల తర్వాత టెక్సస్ కోచ్ డారెల్ రాయల్ ఇంకో దారి చూపించాడు. 1969 డిసెంబర్ 6, ఫయెట్‌విల్. ఇక్కడా మొదటి ర్యాంకు టెక్సస్‌ది, రెండోది ఆర్కన్సాది. ప్రెసిడెంట్ నిక్సన్ స్వయంగా వచ్చి కూర్చున్నాడు. మూడు క్వార్టర్లు అయ్యేసరికి ఆర్కన్సా 14-0తో ముందుంది. నాలుగో క్వార్టర్ మొదలవగానే క్వార్టర్‌బ్యాక్ జేమ్స్ స్ట్రీట్ 42 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 14-6. ఎవరైనా ఏం చేస్తారు? కిక్ కొట్టి 14-7 చేసుకుంటారు, ఇంకో టచ్‌డౌన్ వచ్చాక చూద్దామంటారు. రాయల్ అప్పుడే రెండుకి, అంటే రెండు పాయింట్ల ప్రయత్నానికి, వెళ్లమన్నాడు. స్ట్రీటే మళ్లీ దూసుకుపోయాడు. 14-8.

ఇందులో కిటుకు చూడండి. ఆ మొదటి ప్రయత్నం ఫలిస్తే, రెండో టచ్‌డౌన్ తర్వాత మామూలు కిక్ చాలు, 15-14తో గెలుపు. విఫలమైనా కథ ముగియదు, రెండోసారి రెండుకి వెళ్లి 14-14 చేసుకునే వీలుంటుంది. సులువుగా చెప్పాలంటే, ఇలాంటి పరిస్థితి వంద సార్లు వచ్చిందనుకుందాం. వందలోనూ రెండో టచ్‌డౌన్ వస్తుంది, కిక్ తప్పదు, రెండు పాయింట్ల ప్రయత్నం నూటికి నలభై సార్లు ఫలిస్తుంది. మొదటి టచ్‌డౌన్‌కే రెండుకి వెళ్తే 40 సార్లు నేరుగా గెలుపు. మిగిలిన 60లో మళ్లీ ప్రయత్నిస్తే 24 సార్లు టై. 36 ఓటములు. ఆ టైలలో సగం ఓవర్‌టైమ్‌లో గెలుస్తారనుకున్నా మొత్తం 52. రెండుసార్లూ కిక్ కొడితే వందా టైలే, అంటే 50 గెలుపులు. నలభై శాతానికే ఇంత తేడా. సక్సెస్ రేటు పెరిగేకొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. పద్నాలుగు పాయింట్లు వెనకబడితే మొదటి టచ్‌డౌన్‌కే రెండుకి వెళ్లాలని ఇవాళ అనలిటిక్స్ వాళ్లు చెప్తున్న మాట ఇదే. రాయల్ కంప్యూటర్ లేకుండానే చేశాడు.

ఆ మ్యాచ్‌లో వాదించుకోవడానికి ఇంకా ఉంది. 14-8తో ముందున్న ఆర్కన్సా టెక్సస్ గీతకు పది గజాల లోపుకి వచ్చింది. ఫీల్డ్ గోల్ (గోల్‌పోస్టుల మధ్యకి కొట్టే మూడు పాయింట్ల కిక్) కొడితే 17-8, మ్యాచ్ దాదాపు చేతికొచ్చినట్టే. వాళ్లు పాస్ వేశారు, టెక్సస్ ఆటగాడు పట్టేశాడు. తర్వాత రాయల్ నాలుగో డౌన్‌లో, అంటే బంతి చేజారకముందు మిగిలిన ఆఖరి ప్రయత్నంలో, మూడు గజాలు కావాల్సిన చోట, సొంత 43 గజాల గీత దగ్గర నుంచి లాంగ్ పాస్ వేయించాడు. రాండీ పెషెల్ 44 గజాల అవతల అందుకున్నాడు. ఆ ఊపులోనే టచ్‌డౌన్, కిక్, టెక్సస్ 15-14. ఆర్కన్సా అభిమానులకు ఆ పాస్ సంగతి ఎత్తితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇక అందరూ చెప్పుకునేది 1984 జనవరి 2 నాటి ఆరెంజ్ బౌల్ (సీజన్ ముగిశాక జరిగే పెద్ద మ్యాచ్‌లను బౌల్ అంటారు). కోచ్ టామ్ ఆస్బోర్న్ నెబ్రాస్కా జట్టు వరసగా 22 మ్యాచ్‌లు గెలిచి వచ్చింది. సగటున మ్యాచ్‌కి 52 పాయింట్లు కొట్టిన జట్టు అది. ఎదురుగా ఐదో ర్యాంకు మయామీ, సొంత ఊళ్లో. నెబ్రాస్కా స్టార్ మైక్ రోజియర్ మూడో క్వార్టర్‌లో చీలమండ గాయంతో కూర్చుండిపోయాడు. నాలుగో క్వార్టర్ మొదలయ్యేసరికి మయామీ 31-17. రోజియర్ స్థానంలో వచ్చిన జెఫ్ స్మిత్ టచ్‌డౌన్ చేశాడు, కిక్ పడింది, 31-24. ఇంకా 48 సెకన్లు ఉండగా నాలుగో డౌన్‌లో, ఎనిమిది గజాలు కావాల్సినప్పుడు, అదే స్మిత్ 24 గజాలు పరుగెత్తి గీత దాటాడు. 31-30.

ఆ రోజే అంతకుముందు రెండో ర్యాంకు టెక్సస్ కాటన్ బౌల్‌లో జార్జియా చేతిలో 10-9తో ఓడిపోయింది. అంటే నెబ్రాస్కా కిక్ కొట్టి టై చేసుకుంటే ఓట్లన్నీ దాదాపు ఖాయం. ఈ సంగతి మైదానంలో ఉన్న అందరికీ తెలుసు. ఆస్బోర్న్ రెండుకే వెళ్లాడు. క్వార్టర్‌బ్యాక్ టర్నర్ గిల్ కుడివైపు పరుగెత్తుతూ స్మిత్‌కి పాస్ వేశాడు, మయామీ ఆటగాడు కెన్నీ కాల్‌హూన్ వేళ్లు తగిలి బంతి పక్కకి పోయింది. మయామీ చాంపియన్. నెబ్రాస్కాకి రెండో స్థానం.

ఓడినా ఆస్బోర్న్ పేరు పెరిగింది. చాంపియన్ అనిపించుకోవాలంటే గెలవాలి కానీ టైతో దాక్కోకూడదని అతను నమ్మాడని జనం మెచ్చుకున్నారు. అందులో తప్పు లేదు. కానీ ఈ కథ చెప్పేవాళ్లు ఒకటి దాటేస్తారు. 31-17 దగ్గర మొదటి టచ్‌డౌన్ వచ్చినప్పుడు నెబ్రాస్కా పరిస్థితి, పద్నాలుగేళ్ల కిందటి టెక్సస్ పరిస్థితి అచ్చంగా ఒకటే. ఎలాగూ గెలుపే కావాలి, టై వద్దు అనుకున్న కోచ్ అప్పుడే రెండుకి వెళ్లి ఉంటే, తప్పినా సర్దుకునే దారి చేతిలో ఉండేది. కనీసం చివర్లో ఏం చేయాలో స్పష్టంగా తెలిసేది. అక్కడ కిక్ కొట్టి, మొత్తం భారం ఆఖరి ఆట మీద పెట్టుకున్నాడు. నాలుగు దశాబ్దాలుగా చర్చంతా గిల్ వేసిన పాస్ మీదే. ఆరు నిమిషాల ముందు కొట్టిన కిక్ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఆస్బోర్న్ తర్వాత 1994, 1995, 1997లో చాంపియన్ అయ్యాడు, ఆ పైన అమెరికా ప్రతినిధుల సభకు కూడా ఎన్నికయ్యాడు కాబట్టి అతని మీద జాలి పడాల్సిన పనేం లేదు.

1996 సీజన్ నుంచి కాలేజీ అగ్రశ్రేణిలో టై అన్నదే లేకుండా పోయింది. ఓవర్‌టైమ్ వచ్చింది. ఒక్కో జట్టుకు 25 గజాల దగ్గర బంతి ఇస్తారు, ఒకరి తర్వాత ఒకరు ప్రయత్నిస్తారు. దీంతో ప్రశ్న మారింది. ‘టై తీసుకుంటావా’ అని కాకుండా, ‘ఇంకా కాసేపు ఆడితే నువ్వు గెలుస్తావా’ అని అడుగుతోంది ఆట. బలమైన జట్టుకు ఆట ఎంత సాగితే అంత లాభం. బలహీనమైనదానికి ఎంత త్వరగా తేల్చేసుకుంటే అంత మంచిది.

2007 జనవరి 1న ఫియస్టా బౌల్‌లో బోయిసీ స్టేట్ చేసింది అదే. ఎదురుగా ఓక్లహోమా. ఓవర్‌టైమ్ మొదటి ఆటలోనే ఏడ్రియన్ పీటర్సన్ 25 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడంటే ఆ జట్టు బలం అర్థమవుతుంది. బోయిసీ కూడా టచ్‌డౌన్ చేసి 42-41కి వచ్చాక, హెడ్ కోచ్‌గా మొదటి ఏడాదిలో ఉన్న క్రిస్ పీటర్సన్ రెండుకి పొమ్మన్నాడు. క్వార్టర్‌బ్యాక్ జారెడ్ జబ్రాన్‌స్కీ కుడిచేత్తో ఉత్తుత్తి పాస్ వేసినట్టు నటించి, ఎడమచేత్తో వీపు వెనక నుంచి బంతిని ఇయాన్ జాన్సన్‌కి అందించాడు. జాన్సన్ ఎవరూ లేని వైపు నడుచుకుంటూ వెళ్లినంత తేలిగ్గా దాటేశాడు, 43-42. 2013లో ఓహయో స్టేట్ మీద మిషిగన్ కోచ్ బ్రేడీ హోక్ కూడా ఇలాగే 42-41 దగ్గర, 32 సెకన్లు ఉండగా, సీనియర్ ఆటగాళ్లను అడిగి మరీ రెండుకి వెళ్లాడు. పాస్ ప్రత్యర్థికి చిక్కింది. ఏడాది తర్వాత అతని ఉద్యోగం పోయింది, అయితే ఆ ఒక్క ఆట వల్ల కాదు. అమెరికాలో ఎమ్మెస్ చదువుతూ శనివారాలు స్టేడియానికి వెళ్లే మన పిల్లలకు ఈ పేర్లలో కొన్నయినా పరిచయమే.

2021లో నిబంధన మళ్లీ మారింది. రెండో ఓవర్‌టైమ్‌లో టచ్‌డౌన్ చేస్తే రెండుకి వెళ్లడం తప్పనిసరి. మూడో దాని నుంచి ఇక టచ్‌డౌన్లు లేవు, మూడు గజాల నుంచి రెండు పాయింట్ల ప్రయత్నాలే. ఆ అక్టోబర్‌లోనే ఇలినాయ్, పెన్ స్టేట్ 10-10తో మొదలుపెట్టి తొమ్మిది ఓవర్‌టైమ్‌లు ఆడాయి. మూడు నుంచి ఏడు దాకా ఇద్దరూ ఒక్కసారి కూడా గీత దాటలేకపోయారు. చివరికి ఇలినాయ్ 20-18. కోచ్ ధైర్యాన్ని పరీక్షించడానికి 1958లో పుట్టిన పందెం, ఇప్పుడు ఆ కాస్త ఎంపిక కూడా లేని డ్రిల్ అయిపోయింది.

అందుకే 2022 నవంబర్ 5న బాటన్‌రూజ్‌లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) అప్పటి కోచ్ బ్రయన్ కెల్లీ నిర్ణయాన్ని నేను మరీ పెద్ద సాహసమని అనను. అలబామా మీద మొదటి ఓవర్‌టైమ్‌లో జేడెన్ డేనియల్స్ టచ్‌డౌన్‌తో 31-30. కిక్ కొడితే రెండో ఓవర్‌టైమ్. అక్కడ టచ్‌డౌన్ చేస్తే ఎలాగూ రెండుకి వెళ్లాల్సిందే, అదీ అలబామాతో ఇంకో రౌండు తట్టుకుని నిలబడ్డాక. ఇప్పుడైతే బంతి తన చేతిలోనే ఉంది, సొంత గ్రౌండు, పరుగెత్తగల క్వార్టర్‌బ్యాక్. డేనియల్స్ పాస్ మొదటి ఏడాది కుర్రాడు మేసన్ టేలర్ అందుకున్నాడు, 32-31.

అదే సీజన్‌లో, రెండు నెలల ముందు, సెప్టెంబర్ 4న న్యూ ఓర్లీన్స్‌లో ఫ్లోరిడా స్టేట్ మీద ఇదే జట్టు టైమ్ అయిపోయిన క్షణంలో టచ్‌డౌన్ చేసి 24-23కి వచ్చింది. ఆ రోజు కెల్లీ అందరూ చేసే పనే చేశాడు, కిక్ కొట్టించాడు. ప్రత్యర్థి ఆటగాడు చెయ్యి అడ్డం పెట్టాడు, మ్యాచ్ పోయింది. కిక్ ఎందుకు ఎంచుకున్నావన్న వాదన మాత్రం పెద్దగా లేవలేదు.