తేడా వెతకని డిఫ్

మా మేనల్లుడు అమీర్‌పేటలో లినక్స్ నేర్చుకుంటున్నాడు. "మామయ్యా, రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టి లైను లైనూ చూసుకుంటూ పోతే తేడా తెలిసిపోతుంది కదా, మళ్లీ ఆ తేడాలు చూపించడానికి ఈ డిఫ్ కమాండ్ ఎందుకు?" అన్నాడు మొన్న. ఆప్షన్లన్నీ వాడికి కంఠతా వచ్చు. లోపల ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదట. మన చదువులే అంత!

మెట్రో రెడ్ లైన్‌నే తీసుకున్నాం. వాడి ఫైల్లో అమీర్‌పేట, పంజాగుట్ట, ఖైరతాబాద్, లక్డీకాపూల్, నాంపల్లి. నా ఫైల్లో పంజాగుట్ట తర్వాత ఎర్రమంజిల్ అదనం. (అసెంబ్లీ స్టేషన్ ఇద్దరం మర్చిపోయాం. ఇద్దరూ మర్చిపోయింది డిఫ్ కూడా పట్టలేదు.) వాడన్నట్టు చూస్తే మూడో లైనులో ఖైరతాబాద్‌కి ఎదురుగా ఎర్రమంజిల్ వస్తుంది. ఇక అక్కణ్ణుంచి ఒక్కటీ కలవదు.

డిఫ్ అసలు తేడాలు వెతకదు, పోలికలు వెతుకుతుంది. రెండు ఫైళ్లలోనూ అదే క్రమంలో వచ్చే లైన్లలో అతి పొడవైన గొలుసు ఏదో పట్టుకుంటుంది. మిగిలిందే తేడా. అన్ని గొలుసులూ ఒక్కొక్కటే చూద్దామంటే కుదరదు: 30 లైన్ల ఫైల్లోనే 107 కోట్ల పైచిలుకు ఉంటాయి.

అందుకని గళ్లు గీశాం. నిలువునా వాడి 5 స్టేషన్లు, అడ్డంగా నావి 6. మొత్తం 30 గళ్లు. పేర్లు కలిస్తే ఐమూలగా ఎడమవైపు పైనున్న అంకెకు ఒకటి కలపాలి, కలవకపోతే పైగడి, ఎడమగడి అంకెల్లో పెద్దది దించాలి. అంచు దాటితే సున్నా అనుకోవాలి. చివరి గడిలో 5 వచ్చింది. అంటే వాడి స్టేషన్లన్నీ నా దాంట్లో ఉన్నాయి. ఐమూల మెట్ల మీదుగా వెనక్కి నడిస్తే గొలుసు దొరుకుతుంది.

పదివేల లైన్ల ఫైళ్లకు 10 కోట్ల గళ్లు కావాలి. 1976లో హంట్, మెకిల్‌రాయ్ అనే ఇద్దరు, ఒకదానితో ఒకటి కలిసే లైన్లనే పట్టించుకునే దారి చూపారు. 1986లో యూజీన్ మైయర్స్ పద్ధతి వచ్చింది: తేడాలు ఎంత తక్కువైతే పని అంత తక్కువ. ప్రోగ్రామర్లు ఫైళ్ల మార్పులు దాచుకునే గిట్ మామూలుగా వాడేది దాన్నే. డీఎన్ఏ వరుసలు వెతికే బ్లాస్ట్‌ను తయారుచేసిన వాళ్లలోనూ ఆయన ఉన్నాడు.

ఇప్పుడు డిఫ్ కొట్టు, "2ఎ3" వస్తుంది చూడు అన్నాను. రెండో లైను తర్వాత నా మూడో లైను చేర్చమని దాని అర్థం. వచ్చింది మాత్రం "3సి3,4": వాడి మూడో లైను తీసేసి నా మూడు, నాలుగు లైన్లు పెట్టమని. ఖైరతాబాద్ కూడా వేరేనట! కళ్లకు రెండూ ఒకటే. సిస్టమ్‌కి దిష్టి తగిలిందని మా అక్క నిమ్మకాయ కోసం లేచింది.

వాడు ఆ పేరు ఎక్కడి నుంచో కాపీ చేశాడు. కంప్యూటర్లో అన్ని భాషల అక్షరాలకూ అంకెలిచ్చే యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. డిఫ్ అక్షరం చూడదు, దాన్ని కంప్యూటర్ దాచుకునే అంకెలు, అంటే బైట్లు చూస్తుంది. లెక్కపెడితే వాడి ఖైరతాబాద్ నా దానికంటే 3 బైట్లు పెద్దది.